మనోడి అంగీ

మాస్టర్ పోయి నెల కావస్తోంది. ఆ కబురు వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. "మా నాయిన ఫోన్ల మీ నంబరు 'సూదుల మేడం' అని ఉన్నది. మీరెవరో నాకు తెల్వదు. అందరికి చేస్తున్న, మీకు గూడ చేసిన" అన్నాడు. పదో రోజు గురువారం, వీలైతే రమ్మని చెప్పి పెట్టేశాడు. నేను పొయ్యి కట్టేసి వంటింట్లోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్తాను, కానీ ముందు మీకు ఆ మనిషిని చూపించాలి. లేకపోతే నేను చేసింది ఎంత తప్పో మీకు తెలియదు.

ఆయన జీవితచరిత్ర నా దగ్గర లేదు. ఊరు పటాన్‌చెరు దగ్గరి లక్డారం, వ్యవసాయం చేసుకునే కుటుంబం. అన్నదమ్ముల్లో ఈయన ఒక్కరే నాగలి వదిలేసి జోగిపేటలో ఎవరో బంధువు దగ్గర కుట్టు నేర్చుకున్నారట. అంతవరకే తెలుసు. నాకు పరిచయమయ్యేసరికి ఆయన పటాన్‌చెరులో మా ఎక్స్‌పోర్ట్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్. ఒక మందుల ఫ్యాక్టరీ వెనక గోడకు ఆనుకుని ఉండేది మా షెడ్డు. అక్కడ నేను క్వాలిటీ చూసేదాన్ని. మా నాన్న గుడివాడ వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే పెళ్ళి చేసుకున్నా, షెడ్డులో అందరికీ 'ఆంధ్రా మేడం'నే. నాకు నోరెక్కువని కూడా చెప్పుకునేవారు. అది నిజమే. ఎనభై మందితో పని చేయించాలంటే నోరు ఉండాలి.

మాస్టర్ సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవారు. మెడలో టేపు వేలాడేది కానీ దానితో కొలవగా నేను చూసింది తక్కువ. చేత్తో జానలు వేసి కొలిచేవారు. ఒకరోజు నేను పంతానికి ఆయన కొలిచిందల్లా మళ్ళీ టేపు పెట్టి కొలిచాను. ఎక్కడా నూలుపోగంత తేడా లేదు.

"మరి ఈ టేపు ఎందుకు మాస్టర్?" అన్నాను.

"సార్లు వస్తే సూపెట్టనీకె బిడ్డా. మెడల టేపు లేకుంటే మాస్టర్ అని నమ్మరు."

నలుగురిలో మేడం అనేవారు, పక్కన ఎవరూ లేకపోతే బిడ్డా అనేవారు. ఆయన నోట ఇంకో మాట ఉండేది. వారానికోసారైనా అనకుండా ఉండేవారు కాదు. "నలభై ఏండ్లల నా కత్తెర ఒక్క గుడ్డను ఖరాబ్ చెయ్యలే." మాతోనే కాదు, కరెంటు పనికొచ్చిన మనిషితో అనేవారు, నీళ్ళ ట్యాంకర్ డ్రైవరుతో అనేవారు. టీ బ్రేకులో ఆయన గొంతు సవరించుకుంటే చాలు, మిషన్ల మీద ఉన్న ఆడవాళ్ళు ముందే అందుకుని "ఒక్క గుడ్డను ఖరాబ్ చెయ్యలే" అని పాటలా పాడేవారు. ఆయన నవ్వేవారు కానీ, మాట మాత్రం వెనక్కి తీసుకునేవారు కాదు. ఆ మనిషికి ఆస్తి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్ని గుర్తుపెట్టుకోండి.

అంతదాకా మేం కుట్టింది ఆస్పత్రి గౌన్లు, హోటల్ ఏప్రన్లు. ఒక ఎండాకాలం మా సారు ఎక్కడినుంచో కొత్త ఆర్డర్ పట్టుకొచ్చారు. రెండు వందల యాభై ఏళ్ళ కిందట అమెరికాలో, ఊళ్ళు ఇంకా పడని అడవుల అంచున బతికిన వేటగాళ్ళ బట్టలట. ఇప్పుడు అక్కడ కొంతమంది సెలవు రోజుల్లో ఆ బట్టలే తొడుక్కుని, ఆ కాలపు తుపాకులు పట్టుకుని, అడవిలో గుడారాలు వేసుకుని వాళ్ళలాగా గడుపుతారట. బట్ట అచ్చంగా అప్పటిలాగే ఉండాలి, మిషన్ కుట్టు పైకి కనబడకూడదు.

బయ్యర్ పంపిన పార్శిల్‌ను కటింగ్ బల్ల మీద విప్పాం. మొదట అంగీ. తొడల కిందిదాకా వచ్చే లినెన్ అంగీ, ముందంతా తెరిచే ఉంది, గుండీ ఒక్కటి లేదు. ఒక అంచును రెండో దాని మీదికి లాక్కుని నడుముకు పట్టీ కట్టుకోవాలి. భుజాల మీద ఇంకో పొర గుడ్డ కప్పి ఉంది. ఆ పొర అంచులూ, చేతుల చివర్లూ, కింది అంచూ అన్నీ పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. తర్వాత కాళ్ళకు తొడల దాకా తొడుక్కునే ఉన్ని గొట్టాలు, మోకాలి కింద కట్టుకోవడానికి పట్టీలు. మెత్తటి తోలు జోళ్ళు. తూటాలు వేసుకునే సంచి. తుపాకీ మందు పోసుకునే కొమ్ము. తోలు, కొమ్ము పని వేరేవాళ్ళది, బట్ట పని మాది.

"ప్యాంటు ఏది మేడం, మరిచిపోయిన్రా?" అని మిషన్ల మీదివాళ్ళు నవ్వారు.

అడుగున ఒక పొడుగాటి గుడ్డ పీలిక, దానితో ఒక నడుంతాడు దొరికాయి. కాగితంలో చూసి చెప్పాను, అక్కడి ఆదివాసుల దగ్గర చూసి వీళ్ళూ నేర్చుకున్నారట, రెండు కాళ్ళ మధ్య నుంచి తీసి ముందూ వెనకా తాడుకు దోపుకుంటారట అని.

మాస్టర్ ఆ పీలికను చేతుల్లోకి తీసుకున్నారు. "గోచి" అన్నారు. "అమెరికోడు గోచి పెట్టుకునేటోడా మేడం? గిది మా తాత బట్టనే. పాస్‌పోర్ట్ లేక గీడ ఆగిపోయిండు మా తాత, అంతే." షెడ్డు మొత్తం పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఊరూ పేరూ లేని వేటగాడు మాకు 'మనోడు' అయ్యాడు. మనోడికి గిట్ల నడవది. మనోడు ఒప్పుకోడు. మనోడి సంక కింద జెర ఒదులు పెట్టాలె, తుపాకి ఎత్తుతడు గదా. ఏ కొలత దగ్గర అనుమానమొచ్చినా మాస్టర్ బయ్యర్ కాగితాన్ని కాదు, మనోణ్ణి అడిగేవారు.

శాంపిల్ కుట్టగానే తనే తొడుక్కునేవారు. బల్ల మీద పెట్టి చూస్తే ఏం తెలుస్తుంది, ఒంటి మీద వేసుకుని నడిస్తే తెలుస్తుందని ఆయన లెక్క. అంగీ, కాళ్ళ గొట్టాలు వేసుకుని (గోచి మాత్రం ప్యాంటు మీద) మా షెడ్డు వెనక సర్కారు తుమ్మల్లోకి వెళ్ళేవారు. ముళ్ళలో వంగి, పాకి, గొంతుకూర్చుని, లేని తుపాకీ ఎక్కుపెట్టి చూసి వచ్చేవారు. ఎక్కడ చినిగిందో, ఎక్కడ పట్టేసిందో సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. ఒకసారి అదే వేషంలో రోడ్డు మీద చాయ్ బండి దగ్గరికి కూడా వెళ్ళారు. బిహార్ లారీ డ్రైవర్లు చుట్టూ మూగి, "చాచా, షూటింగ్ హై క్యా?" అని అడిగితే, "హౌ. హీరో మైచ్", హీరో నేనే అని, చాయ్ తాగి, తాపీగా తిరిగొచ్చారు. నాకు కోపమొచ్చింది. బయ్యర్ శాంపిల్ మీద చాయ్ పడితే ఎవరు జవాబు చెప్పాలి? పడలేదులే అన్నారు. పడలేదు కూడా.

అలా తిరిగి తిరిగి ఆయనకు ఆ బట్టలో ప్రతి సంగతీ అర్థమైపోయింది. నడుం పట్టీ ముడి వీపు వైపు ఎందుకని నేను అడిగితే, "ముందట ఉంటే పొదల చిక్కుతది, పండుకుని పాకితే పొట్టకు ఒత్తుకుంటది" అన్నారు. గుండీలు లేకుండా ముందు అంత గుడ్డ ఎందుకు వృథా అంటే, పట్టీ బిగించి, ఛాతీ దగ్గర సంచిలా ఏర్పడ్డ చోట చేయి పెట్టి చూపించారు. "ఒడి బిడ్డా. మన ఆడోళ్ళు పత్తి ఏరేటప్పుడు కట్టుకుంటరు సూడు, గట్లనే. రొట్టెముక్క, ఎండుమాంసం గిండ్లనే ఏసుకుంటడు మనోడు. చేతులు తుపాకికి కావాలె గదా." తర్వాత నేను ఇంటికి వెళ్ళి ఫోన్‌లో వెతికి చదివితే అక్షరాలా అలాగే ఉంది. మర్నాడు చెప్తే ఆయనేం ఆశ్చర్యపోలేదు.

అసలు పేచీ పోగుల దగ్గర వచ్చింది. ఆ అంచులు విడిగా కుట్టిన కుచ్చులు కావు. బట్ట అంచును మడవకుండా వదిలేసి, అడ్డపోగులు ఒక్కొక్కటే లాగేస్తే నిలువుపోగులు వేలాడతాయి. అంతే. కానీ మా టైలర్లకు అది మింగుడుపడలేదు. పోగు లేచిన బట్ట షెడ్డు దాటితే తిట్లు తినే బతుకులు మావి. కావాలని పోగులు లేపడమేంటని ఒక్కొక్కరూ గొణిగారు. మాస్టర్ ఒక జగ్గు నీళ్ళు తెప్పించి, అంగీ తొడుక్కుని, భుజం మీద పోయమన్నారు. నీళ్ళు పోగుల వెంబడి జారి చుక్కలు చుక్కలుగా కింద పడ్డాయి.

"గడ్డి కప్పు సూరు లెక్క" అన్నారు. "వానల తిరిగేటోడు. మనోడు షోకుకు పెట్టుకోలే."

ఆ తర్వాత ఎవరూ గొణగలేదు. కుట్టు పైకి కనబడకూడదు కాబట్టి అంచుల దగ్గర చేతికుట్టు వేయాలి. చేతికుట్టు సరిగ్గా తెలిసింది ఆయన ఒక్కరికే. మిగతావాళ్ళకు నేర్పుతూ, తనూ కుడుతూ రోజంతా సూదితోనే ఉండేవారు. అక్కడ బయటపడింది నాకు.

ఒక పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి, "జెర దారం ఎక్కియ్యి బిడ్డా, చేతులకు నూనె అయ్యింది" అన్నారు. ఎక్కించాను. మర్నాడు, చేతులు తడిగా ఉన్నాయన్నారు. మూడోరోజు వేలికి సూది గుచ్చుకుందన్నారు. నాలుగోరోజు ఆయన అడగకముందే నేను ఇరవై సూదులకు దారాలెక్కించి, ఒక స్పాంజి ముక్కకు గుచ్చి, ఆయన బల్ల సొరుగులో పెట్టాను. ఆయన సొరుగు తెరిచి, నా వైపు చూసి, మూసేశారు. ఆ తర్వాత ఏడాదిన్నర ప్రతి పొద్దునా అదే నా మొదటి పని. షుగరుతో కంటి వెనక నరం పాడైందని, ఆపరేషన్ చేసినా రాదని డాక్టర్లు చెప్పారట. ఇంట్లో కూడా చెప్పలేదు. కటింగ్‌లో మాత్రం తేడా లేదు. ఎడమచేతి వేళ్ళు గుడ్డ మీద ముందు నడిచేవి, కత్తెర వాటి వెనక నడిచేది. కళ్ళతో ఆయనకు పనే లేనట్టుండేది. అది మా ఇద్దరి మధ్య రహస్యం. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో నాకు నేను మంచిదాన్ననే అనుకునేదాన్ని.

ఇక ఆ రోజు సంగతి.

అంతకుముందు రోజు ఆస్పత్రి గౌన్ల లాట్ ఒకటి తిరిగొచ్చింది, దారపు కొసలు వేలాడుతున్నాయని. సారు అందరిముందూ నన్ను కడిగేశారు. అప్పటికి మా ఆయన పనిచేసే కంపెనీ మూతపడి ఎనిమిది నెలలు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. రాత్రంతా ఆ మంట కడుపులో పెట్టుకుని పొద్దున షెడ్డుకి వచ్చి, తిన్నగా ఫినిషింగ్ బల్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళు చిన్న కత్తెరలతో దారాలు కత్తిరిస్తూ ఉంటారు. అంతకు వారం ముందే చేరారు. తెలుగు రాదు. "ఏక్ భీ ధాగా లటక్తా హువా నహీ దిఖ్నా చాహియే. ఏక్ భీ" అని, ఒక్క దారం కూడా వేలాడుతూ కనపడకూడదని, గట్టిగా అరిచాను. వాళ్ళ ముందు బల్ల మీద ఏముందో చూడలేదు. ఏముంటుంది, గౌన్లే కదా అనుకున్నాను. మిషన్ల రొదలో ఆ అరుపు ఆ బల్ల దాటి ఎవరికీ వినపడలేదు. అరిచేసి స్టోర్ రూంలోకి వెళ్ళిపోయాను.

బల్ల మీద ఉన్నవి మనోడి అంగీలు. మూడు వందలు.

పాపం వాళ్ళు బుద్ధిమంతులు. నేను చెప్పింది చెప్పినట్టే చేశారు. ఒంటిగంటకు నేను బయటికొచ్చేసరికి రెండు గోనెసంచుల నిండా తెల్లటి పోగులు. మూడు వందల అంగీలకూ భుజాలూ, చేతులూ, కింది అంచులూ అన్నీ నున్నగా గొరిగేసి, చక్కగా మడతపెట్టి, దొంతర్లు పేర్చి ఉన్నాయి. ఒకామె నన్ను చూసి, ఒక అంగీ ఎత్తి తిప్పి చూపించి, బాగుందా అన్నట్టు నవ్వింది.

ఆ వెనకే సారు వచ్చారు. రెండు రోజుల్లో లాట్ వెళ్ళాలి. ఒక అంగీ తీసి చూశారు, ఇంకోటి తీశారు.

"ఎవరు చెప్పిన్రు గిది? పోగులు కట్ చెయ్యమని ఎవరు చెప్పిన్రు?"

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆ ఆరుగురికీ అడిగింది అర్థం కాలేదు కానీ కోపం అర్థమై తలలు దించుకున్నారు. నేను నోరు తెరిచాను. తెరిచాను, అది నిజం. మాట రాలేదు. ఈ లాట్ పోతే నన్ను ఇంటికి పంపిస్తారని ఒక్కటే తెలుస్తోంది.

కటింగ్ బల్ల దగ్గరి నుంచి మాస్టర్ గొంతు వినపడింది. "నేనే సెప్పిన సారు."

"నువ్వా మాస్టర్? నువ్వెందుకు చెప్తవ్?"

"నాకు కండ్లు ఆనుతలేవు సారు. ఏడాదిన్నర అయితుంది. గౌన్లనుకున్న. సాఫ్ చెయ్యమన్న."

సారు నమ్మలేదు. అరవడం మానేసి, పక్క మిషన్ మీది నుంచి ఒక సూది, దారం ముక్క తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టారు. "ఎక్కియ్యి సూద్దాం" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. మాస్టర్ దారం కొస నోట్లో తడిపి, సూదిని వెలుతురుకేసి ఎత్తారు. దారం సూది పక్కనుంచి పోయింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ పక్కనుంచి పోయింది. ఎనభై మందీ చూస్తున్నారు. మూడోసారికి ఆయన దారం కొస మళ్ళీ తడుపుకున్నారు. సారే ఆ సూది తీసేసుకున్నారు.

ఆయన బల్ల సొరుగులో ఆ పొద్దున నేను దారాలెక్కించి పెట్టిన ఇరవై సూదులున్నాయి. నేను మూడు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. నోరున్న మనిషిని.

లాట్‌ను కాపాడింది కూడా ఆయనే. "కత్తిరిచ్చింది పోగులనే సారు, బట్ట బట్ట లెక్కనే ఉన్నది. కుట్టు ఇప్పి, ఇంకో అంగులం లోపలికి ఏసి, ఆ అంగులం పోగులు గుంజుదాం. మనోడి భుజం మీద గుడ్డ జెర చిన్నదైతది. ఏం కాదు, ఓర్చుకుంటడు" అన్నారు. సారు బయ్యర్‌ను బతిమాలి నాలుగు రోజులు గడువు తెచ్చారు. వాచ్‌మన్‌తో సహా అందరం నేల మీద కూర్చుని పోగులు లాగాం. నా గోళ్ళ పక్కన చర్మం లేచిపోయింది. ఆ నాలుగు రోజులూ మాస్టర్ నాకు ఎదురుగానే కూర్చున్నారు. ఎప్పటిలాగే మాట్లాడారు. నేను రోజూ ఇవాళ సాయంత్రం సారుకు చెప్తాను అనుకునేదాన్ని. సాయంత్రం కాగానే, ఎలాగూ ఆయన కళ్ళు పోతున్న మాట నిజమే కదా, ఇవాళ కాకపోతే రేపు బయటపడేదే కదా అని సర్దిచెప్పుకుని బస్సెక్కేదాన్ని.

లాట్ వెళ్ళింది. ఐదోరోజు సారు మాస్టర్‌కు శాలువా కప్పి, కళ్ళు బాగు చేయించుకుని రమ్మన్నారు. బాగయ్యే కళ్ళు కావని ఇద్దరికీ తెలుసు. ఆయన కత్తెరను ఒక గుడ్డలో చుట్టుకుని, నాకు దండం పెట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మొదటి శాంపిల్ అంగీ ఒకటి సారు ఇచ్చేశారు, అది సంచిలో ఉంది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం లక్డారం వెళ్ళాను. ఇంటి వెనక చిన్న మడిలో ఉన్నారు ఆయన. ఒంటి మీద మనోడి అంగీ. నడుముకు పట్టీ, ముడి వీపు వెనక. ఛాతీ దగ్గర ఒడి ఉబ్బెత్తుగా ఉంది, దాని నిండా బెండకాయలు. తడుముతూ ఒక్కో కాయ తెంపి లోపల వేసుకుంటున్నారు. నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టారు.

"బిడ్డా, సూడు. మనోడు మస్తు తెలివిగల్లోడు. రెండు చేతులు ఖాళీ" అన్నారు.

గట్టు మీద కూర్చున్నాం. బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. "మాస్టర్, ఆ రోజు మీరెందుకలా అన్నారు?" అని మాత్రం అడగగలిగాను.

ఆయన చాలాసేపు బెండకాయలు సర్దుకున్నారు. నేరుగా అడిగితే దాచే మనిషి కాదు, అక్కడే చిక్కు. "నీ మొకం తెల్లగైపోయింది. నాకు మొకాలు సక్కగ కనపడవు, అయినా కనపడ్డది. నువ్వు జెర ఊపిరి తీసుకునేదాంక అడ్డం నిలవడ్డ. తీసుకుని, నువ్వే సెప్తవనుకున్న. ఆ దినం సెప్తవనుకున్న. తెల్లారి గూడ అనుకున్న. పోగులు గుంజేటప్పుడు నాలుగు దినాలు నీ ఎదురుంగనే కూసున్న. తర్వాత ఇగ అనుకునుడు బంజేసిన."

కోపంగా అనలేదు. అడిగావు కాబట్టి చెప్తున్నా అన్నట్టు అన్నారు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

"ఇప్పుడెళ్ళి సారుకు చెప్తాను" అన్నాను.

"ఇప్పుడు సెప్తే ఏమొస్తది? నీ నౌకరి పోతది, నా కండ్లు రావు. ఊకో."

అప్పుడే ఆయన భార్య చాయ్ తెచ్చింది. నేనెవరో తెలిసి సంబరపడి, నా పక్కనే కూర్చుంది. "నువ్వన్న సెప్పరాదా బిడ్డా ఈయనకు. ఇంట్ల కత్తెర ముట్టొద్దంటే ముడ్తడు. మూడు నూర్ల అంగీలు ఖరాబ్ చేసినోనికి ఎవరన్న గుడ్డ ఇస్తరా? నా కోడలు జాకెట్ గుడ్డ గూడ సంగారెడ్డిల ఇచ్చి వస్తది. కత్తెర దాసిపెట్టిన" అని నవ్వింది. ముచ్చటగానే అంది. పెళ్ళాలు మొగుళ్ళను అన్నట్టే అంది.

మాస్టర్ నా వైపు తిరిగారు. కళ్ళు నా ముఖం మీద కాదు, కొంచెం పక్కన ఆగాయి. ఎదురుచూస్తున్నారని నాకు తెలిసింది. సారు అక్కడ లేరు, నౌకరీ అక్కడ లేదు, ఉన్నది ఆయన పెళ్ళాం ఒక్కతే. ఒక్క మాట చెప్తే చాలు. చాయ్ గ్లాసు చేతిలో కాలుతోంది. ఆమె నన్ను అంత ప్రేమగా చూస్తోంది. ఆ చూపు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది నాకు. అంతకంటే పెద్ద కారణం లేదు.

"చాయ్ తాగు బిడ్డా, సల్లారుతది" అన్నారు మాస్టర్ చివరికి. వచ్చేటప్పుడు ఒడిలోంచి బెండకాయలు తీసి నా సంచి నింపారు. మళ్ళీ వెళ్ళలేదు నేను. ఫోన్ చేస్తే క్షేమంగా మాట్లాడేవారు. తర్వాత అది కూడా మానేశాను. నిరుడు మా యూనిట్ మూతపడింది. ఎవరి వల్లా కాదు, ఆర్డర్లు లేక. నేను ఒక స్కూల్లో ఆఫీసు పనికి చేరాను. కాబట్టి ఆ గురువారం లక్డారం వెళ్ళేటప్పటికి, నిజం చెప్పడం వల్ల నాకు పోయేదేమీ లేదు. అది తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

ఇంటి ముందు టెంటు వేశారు. ఫోటోకు దండ వేసి ఉంది. భోజనాలు నడుస్తున్నాయి, చుట్టాలు ఆయన సంగతులు చెప్పుకుంటున్నారు. ఆయన బావమరిది నా పక్క కుర్చీలో కూర్చుని ఎవరికో చెప్తున్నాడు. "మా బావ మనిషి బంగారం. నలభై ఏండ్లు ఒక్క గుడ్డ ఖరాబ్ చెయ్యలే అని చెప్పుకునేటోడు. ఆఖరుకు ఒక్కటే పాలి చేసిండు, మూడు నూర్లు చేసిండు." నలుగురూ నవ్వారు, చెడ్డగా కాదు. వాళ్ళబ్బాయి నాకు నీళ్ళ గ్లాసు అందిస్తూ, "మీరు ఆ కంపెనీలనే గదా మేడం, మీకు ఎరుకే ఉంటది" అన్నాడు.

నేను నీళ్ళు తాగలేదు. లేచి, లోపల గుమ్మం దగ్గర ఆడవాళ్ళ మధ్య కూర్చున్న ఆయన భార్య దగ్గరికి వెళ్ళాను. పక్కన కూర్చుని, ఆమెకు ఒక్కదానికే వినపడేట్టు చెప్పాను. ఆ అంగీలు ఆయన చెప్పి కత్తిరించినవి కావు, చెప్పింది నేను, నా ఉద్యోగం పోతుందని ఆయన తన మీద వేసుకున్నారు, నేను ఊరుకున్నాను, ఆ రోజు మీ ఇంట్లో చాయ్ తాగుతూ కూడా ఊరుకున్నాను అని.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ పాత ప్రేమ అందులో లేదు. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, నేను దాచుకోవాలనుకున్నది అదే.

"అంటే ఆయన ఖరాబ్ చెయ్యలేదన్నట్టా?"

"లేదమ్మా. ఒక్క గుడ్డ కూడా చెయ్యలేదు."

"నాలుగేండ్లు నేను నవ్వుకుంట అన్న ఆయనను. ఇంటికి ఎవరొస్తే వాళ్ళ ముందర అన్న." ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు. నా మణికట్టు పట్టుకుని లేచి, నన్నూ లేపింది. టెంటు కిందికి లాక్కెళ్ళింది. "ఓ బిడ్డా, గా ప్లేట్లు పక్కకు పెట్టు. ఇటు రా" అని కొడుకును పిలిచింది. "తమ్మీ, నువ్వు గూడ ఇటు తిరుగు" అని తమ్ముణ్ణి పిలిచింది. తింటున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఆమె నా చేయి వదల్లేదు.

"ఇప్పుడు సెప్పు. అందరు ఇనేటట్టు సెప్పు" అంది.

నేను చెప్పాను. నేల చూస్తూ చెప్పాను. చివరి వరసలో ఎవరో వినపడలేదన్నారు.

"మల్ల సెప్పు" అంది ఆమె.